డయోడ్ తీసేసి చూడమ్మా

నిన్న రాత్రి ఇంట్లో పాత అడాప్టర్ ఒకటి మొరాయించింది. పూర్తిగా పోలేదు. ప్లగ్గులో పెడితే లోపల్నుంచి టిక్... టిక్... టిక్... అని సన్నటి చప్పుడు, వెలగాల్సిన లైటు వెలగబోయి ఆరిపోవడం. "పారేసి కొత్తది తెచ్చుకుంటే పోలా" అన్నారు ఇంట్లో. పోతుంది, కాదనను. కానీ ఆ టిక్ టిక్ విన్నాక నా చెయ్యి ఊరుకోదు. ఔట్‌పుట్ వైపు డయోడ్, అంటే కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం, షార్ట్ అయినప్పుడు సప్లై ఇలాగే గొణుగుతుంది. మొదలవబోతుంది, మోయలేనంత కరెంటు లాగుతున్నారని ఆగిపోతుంది, మళ్లీ మొదలవబోతుంది.

ప్లగ్గు పీకి, లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఛార్జి మిగల్లేదని మీటర్‌తో చూసుకున్నాకే పనిలో దిగాను. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. డయోడ్ కాలి దగ్గర కాస్త కొత్త సోల్డర్ ముట్టించాను. తెల్లటి పొగ ఒక పాయ లేచి మెలికలు తిరిగి నా ముఖం మీదికే వచ్చింది. ఎటు కూర్చున్నా మన ముఖం మీదికే వస్తుందది.

రోజిన్ వాసన. రోజిన్ అంటే పైన్ చెట్టు జిగురే. కానీ నా ముక్కుకి అది చెట్టు వాసన కాదు, మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ వాసన. ఐరన్ స్టాండులో పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

*

పొడుగాటి గది. రెండు వరసల బల్లలు, వీపు ఆనించుకోడానికి ఏమీ లేని ఎత్తు స్టూళ్లు. ఒక్కో బల్ల మీద ఒక ఆర్‌పీఎస్. దాన్ని రెగ్యులేటెడ్ పవర్ సప్లై అని పూర్తి పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు, ఆ పేరు రికార్డులో రాసేటప్పుడే గుర్తొచ్చేది. దానికి వోల్టేజీ మార్చే రెండు నాబ్‌లు, పెద్దగా మార్చేది కోర్స్, సన్నగా సవరించేది ఫైన్. మా బల్ల మీదున్న దాని కోర్స్ నాబ్ అరిగిపోయింది. వెంట్రుకవాసి తిప్పితే రెండు వోల్టులు గెంతేది. ప్రాక్టికల్ పరీక్షలో ఆ బల్ల రాకూడదని అందరం కోరుకునేవాళ్లం.

మెయిన్ స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఒకే శ్రుతిలో ఝుమ్మనేవి. ఐదు నిమిషాలకి ఆ చప్పుడు చెవికి ఆనేది కాదు. సాయంత్రం స్విచ్ ఆపినప్పుడు మాత్రం, అరే, ఇంతసేపూ ఇంత మోత ఉందా అనిపించేది. మధ్యమధ్యలో ఎవరో ఒకరు షార్ట్ చేసేవాళ్లు. ఆర్‌పీఎస్ లోపల రిలే టక్కుమని ఎర్ర లైటు వెలిగేది. ఆ టక్కు వినిపించగానే గదిలో తలలన్నీ ఒక్కసారి తిరిగేవి. మనది కాదంటే అదో సుఖం.

మీటర్లన్నీ ముల్లువే. ముల్లు కింద సన్నటి అద్దం పట్టీ ఉండేది. ముల్లూ అద్దంలో దాని ప్రతిబింబమూ ఒకదాని వెనక ఒకటి దాక్కునేదాకా తల జరుపుకుని, అప్పుడు చదవాలి. మా బ్యాచ్‌లో ముగ్గురం. ఒక కన్ను మూసుకుని ఒకరి తర్వాత ఒకరం వంగేవాళ్లం. ముగ్గురికీ మూడు రీడింగులు వచ్చేవి. మధ్యది రాసుకునేవాళ్లం.

*

డయోడ్లు మా చేతికి నేరుగా వచ్చేవి కావు. అటెండర్ దగ్గర చిన్న చిన్న అరలున్న చెక్క పెట్టె ఒకటి ఉండేది. అరల మీద అంటించిన కాగితాలు పచ్చబడి, అక్షరాలు ఆయన ఒక్కరికే కనిపించేవి. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. ఏ అరలో ఏముందో చూడకుండానే చెయ్యి పెట్టి తీసేవారు. నల్లటి ఒళ్లు, వెండి రంగు పట్టీ ఉన్నది 1ఎన్4007. నారింజ ఛాయ గాజులో నల్ల పట్టీ ఉన్నది 1ఎన్4148. పట్టీ ఎటుంటే అటు కేథోడ్, కరెంటు బయటికొచ్చే కాలు. రెండోది ఆనోడ్. పుస్తకంలో ఒక పేజీ పట్టే విషయం ఆయన వేలితో చూపించి ముగించేవారు.

రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఎన్ని తీసుకున్నామో అన్నీ తిరిగివ్వాలి, అదీ కాళ్లు నిటారుగా సవరించి. వంకర కాళ్లతో ఇస్తే తీసుకునేవారు కాదు. "దాని కాళ్లు నువ్వు వంచావు, నువ్వే సరిచేసి తీసుకురా" అనేవారు. వంచడానికీ ఒక పద్ధతి నేర్పారు. ఒంటికి ఆనుకుని వంచకూడదు. ఒంటి పక్కన కాలిని నోస్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని, దానికి అవతల వంచాలి. లేకపోతే బలమంతా గాజు మీద పడి కంటికి కనిపించని పగులు వస్తుంది. డయోడ్ ఆ పూటకి పనిచేస్తుంది, ఇంకెప్పుడో పోతుంది.

తిరిగి తీసుకునేటప్పుడు ప్రతిదాన్నీ తన ముల్లు మల్టీమీటర్‌తో చూసుకునేవారు. ఒకసారి నేనే చూసిస్తానని అడిగి మీటర్ తీసుకున్నాను. ఓమ్స్ రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబ్ ఆనోడ్‌కి, నల్లది కేథోడ్‌కి తగిలించాను. ముల్లు కదల్లేదు. తిరగేస్తే కదిలింది. "బాబాయ్, దీని పట్టీ తప్పు వైపు వేశారు" అన్నాను, ఏదో కనిపెట్టేసినట్టు. ఆయన నవ్వి మీటర్ వెనక మూత విప్పి బ్యాటరీ చూపించారు. ఓమ్స్ రేంజిలో ఆ మీటర్ తన బ్యాటరీతోనే కరెంటు పంపుతుంది. లోపలి వైరింగ్ ప్రకారం నల్ల ప్రోబ్‌కి ప్లస్ వస్తుంది, ఎర్రదానికి మైనస్. డిజిటల్ మీటర్లో ఈ తిరకాసు లేదు. ముల్లు మీటర్‌తో డయోడ్ చూసిన ప్రతివాళ్లూ జీవితంలో ఒక్కసారైనా పట్టీని తిట్టే ఉంటారని నా అనుమానం.

*

మొదటి ప్రయోగం డయోడ్ వీ-ఐ క్యారెక్టరిస్టిక్స్, అంటే ఎంత వోల్టేజీకి ఎంత కరెంటు పోతుందో కొలవడం. డయోడ్, ఒక కిలో ఓము రెసిస్టర్, ఒక ఆమ్మీటర్, ఒక వోల్ట్‌మీటర్. ఇందులో తప్పు చేయడానికి ఏముంటుంది అనుకున్నాం.

వోల్టేజీ 0.1 పెట్టాం, కరెంటు సున్నా. 0.2, సున్నా. 0.3, సున్నా. 0.4 దగ్గర ముల్లు బద్ధకంగా కదిలిందా లేదా అని ముగ్గురం వాదించుకున్నాం. 0.5 దగ్గర కాస్త లేచింది. 0.6కి ఓ మోస్తరు. 0.7 పెట్టబోతే అరిగిపోయిన కోర్స్ నాబ్ గెంతి ముల్లు వెళ్లి చివర ఠప్పున కొట్టుకుంది. పట్టికలో ఏడు రీడింగులుంటే అందులో నాలుగు సున్నాలు. గ్రాఫ్ గీస్తే నేల మీద పాకి పాకి హఠాత్తుగా గోడెక్కిన బల్లిలా ఉంది.

సార్ వచ్చి పట్టిక చూశారు. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఒక్క ముక్క అనేవారు. ఆ రోజు, "వోల్టేజీ సమానంగా పెంచితే ఎలాగమ్మా? కరెంటు చూసి పెంచండి" అన్నారు. 0.1 మిల్లీయాంప్, తర్వాత 0.2, 0.5, 1, 2, 5, 10. అలా తీస్తే రీడింగులు పుట్టుకొచ్చాయి. 0.1 మిల్లీయాంప్ దగ్గర దాదాపు 0.48 వోల్టులు. 1 దగ్గర 0.58. 10 దగ్గర 0.69. కరెంటు పది రెట్లయితే వోల్టేజీ కదిలింది వోల్టులో పదో వంతు. మళ్లీ పది రెట్లయితే మళ్లీ అంతే.

ఒక వైపు గళ్లు పది రెట్ల చొప్పున పెరిగే సెమీ-లాగ్ షీటు ఇచ్చి దాని మీద గీయమన్నారు. గోడెక్కిన బల్లి కాస్తా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పడుకుంది. అప్పటిదాకా 0.7 వోల్టులంటే డయోడ్‌లో ఎక్కడో ఒక గేటు ఉంటుందనీ, 0.69 దాకా మూసుకుని 0.7కి తెరుచుకుంటుందనీ నా మనసులో ఒక బొమ్మ ఉండేది. పుస్తకం ఆ మాట చెప్పలేదు, నేనే వేసుకున్నాను. ఆ తిన్నటి గీత మీద గేటు ఎక్కడా లేదు. కరెంటు 0.4 దగ్గరా ఉంది, 0.3 దగ్గరా ఉంది. మా మీటర్‌కి అందనంత చిన్నది, అంతే.

డయోడ్ కరెంటుకి భౌతిక శాస్త్రవేత్త షాక్లీ 1949లో రాసిన సమీకరణం సార్ బోర్డు మీద రాసింది అప్పుడే. గది వేడిమి దగ్గర 26 మిల్లీవోల్టులు అనే సంఖ్య అందులో కూర్చుని ఉంటుంది. లెక్క ప్రకారం పది రెట్ల కరెంటుకి 60 మిల్లీవోల్టులు రావాలి, మాకు వందకి పైన వచ్చింది. "మా రీడింగులు తప్పా సార్?" అంటే, "తప్పేం లేదు. ఆ సమీకరణం అడుగున ఒక 'ఎన్' ఉంది చూడు, అది ఒకటి నుంచి రెండు దాకా ఉంటుంది. మీ డయోడ్ రెండుకి దగ్గర్లో ఉంది" అన్నారు. ఏ డయోడ్‌కి ఎంతో కొలిస్తేనే తెలుస్తుంది. ఆ మాటకి నాకెందుకో భలే సంతోషం వేసింది. మా డయోడ్‌కంటూ ఒక సొంత సంఖ్య.

*

రివర్స్ బయాస్ (డయోడ్‌కి వోల్టేజీ తిరగేసి ఇవ్వడం) సంగతి వేరు. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

డయోడ్ తిరగేసి పెట్టాం. మిల్లీయాంప్ మీటర్ తీసేసి సున్నా నుంచి 100 మైక్రోయాంప్‌ల మీటర్ పెట్టాం. మిగతా వైర్లు ఫార్వర్డ్‌లో, అంటే ముందు ప్రయోగంలో, ఉన్నట్టే ఉంచేశాం, మళ్లీ విప్పడం ఎవరికి ఓపిక? వోల్టేజీ పెంచుతూ పోయాం. 2 వోల్టుల దగ్గర 10 మైక్రోయాంప్‌లు. 4 దగ్గర 20. 6 దగ్గర 30. 10 దగ్గర 50. ఇంత ముద్దొచ్చే రీడింగులు ఆ ల్యాబ్‌లో ఎప్పుడూ రాలేదు మాకు. ఫార్వర్డ్‌లో పడ్డ అవస్థకి ఇది బహుమతి అనుకున్నాం. గ్రాఫ్ గీస్తే సున్నాలోంచి బయల్దేరిన సరళరేఖ. అనుమానం ఎందుకని సీనియర్ల రికార్డు తీసి పోల్చుకున్నాం. అచ్చం అదే గీత, అదే 50. ఇంకేం కావాలి? టెన్షన్ పోయింది. సంతకం కోసం సార్ దగ్గరికి ధీమాగా వెళ్లాం.

సార్ గ్రాఫ్ చూశారు. సంతకం పెట్టలేదు, కోప్పడనూ లేదు. లేచి మా బల్ల దగ్గరికి వచ్చారు. ఆర్‌పీఎస్ పది వోల్టుల దగ్గరే ఉంది, ముల్లు 50 దగ్గర నిలబడి ఉంది.

"డయోడ్ తీసేసి చూడమ్మా" అన్నారు.

అర్థం కాలేదు. డయోడ్ ప్రయోగంలో డయోడ్ తీసేయడమేమిటి? అయినా బ్రెడ్‌బోర్డ్‌లోంచి ఒక కాలు పీకాను.

ముల్లు కదల్లేదు. 50.

రెండో కాలు కూడా పీకి డయోడ్‌ని అరచేతిలో పెట్టుకున్నాను. 50. అరచేతిలో డయోడ్, మీటర్లో దాని రివర్స్ కరెంటు. పక్క బల్లవాళ్లు కూడా వచ్చి చూస్తున్నారు. ఒక పక్క నవ్వొస్తోంది, ఇంకో పక్క తల కొట్టేసినట్టుంది.

"ఇప్పుడు వోల్ట్‌మీటర్ తీసెయ్" అన్నారు. ఒక ప్రోబ్ లాగగానే ముల్లు జారి సున్నా మీద పడింది.

మా వోల్ట్‌మీటర్ ముల్లు మల్టీమీటర్ కదా, దాని మీద వోల్టుకి 20 కిలో ఓములని చిన్న అక్షరాలతో రాసి ఉంది. పది వోల్టుల రేంజిలో అది 200 కిలో ఓముల రెసిస్టర్‌తో సమానం. పది వోల్టులిస్తే ఎంత తాగుతుంది? సరిగ్గా 50 మైక్రోయాంప్‌లు. మేం గీసింది డయోడ్ గ్రాఫ్ కాదు, వోల్ట్‌మీటర్ గ్రాఫ్. అందుకే అంత చక్కటి సరళరేఖ. ఓమ్స్ లా తప్పుతుందా? మామూలు సిలికాన్ డయోడ్ ఆ వోల్టేజీకి రివర్స్‌లో పోనిచ్చేది నానోయాంప్‌లలో ఉంటుంది. ఏనుగు నడుస్తుంటే పక్కన చీమ అడుగుల చప్పుడు వినబోయాం మేం.

మందు చాలా చిన్నది. రివర్స్‌లో ఆమ్మీటర్‌ని డయోడ్ పక్కకి జరిపి, ఆ రెండింటినీ కలిపి వాటికి అడ్డంగా వోల్ట్‌మీటర్ పెట్టాలి. అప్పుడు వోల్ట్‌మీటర్ తాగే కరెంటు ఆమ్మీటర్ గుండా పోదు. ఫార్వర్డ్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ వోల్ట్‌మీటర్ నేరుగా డయోడ్ మీదే ఉండాలి, లేకపోతే ఆమ్మీటర్‌లో పడే వోల్టేజీ కూడా డయోడ్ లెక్కలో కలుస్తుంది. రెండు సర్క్యూట్ బొమ్మలూ మాన్యువల్లో విడివిడిగానే ఉన్నాయి. తేడా ఉందని కూడా గమనించకుండా రెంటినీ రికార్డులోకి ఎక్కించాం. నేనైతే ఆ బొమ్మలకి స్కేలు పెట్టి మరీ గీశాను.

సరిగ్గా కలిపితే ముల్లు సున్నా మీదే కూర్చుంది. పది వోల్టులకీ సున్నా, ఇరవైకీ సున్నా. మా బ్యాచ్‌లో మూడోవాడు నీరసంగా అడిగాడు, "సార్, అన్నీ సున్నాలు రాస్తే మార్కులు వేస్తారా?"

"సున్నా అని రాయకు. ఈ మీటర్‌కి అందలేదని రాయి. మీటర్ ఎంత చిన్నది చూడగలదో అది కూడా రాయి."

ఆ తర్వాత సీనియర్ల రికార్డులు ఇంకొన్ని తిరగేశాం. ఒకటి కాదు, రెండు కాదు, అన్నిట్లోనూ అదే సరళరేఖ. ఎన్నో బ్యాచ్‌లు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ, డయోడ్ పేరు చెప్పి వోల్ట్‌మీటర్‌కి గ్రాఫులు గీసి, సంతకాలు కూడా పెట్టించుకున్నాయి. మేం పట్టుబడ్డాం కాబట్టి మాకు తెలిసింది. ఇందులో మా గొప్పేం లేదు.

*

జెర్మేనియం డయోడ్ అంటే బాబాయ్‌కి ప్రాణం. ఓఏ79లు పెట్టెలో విడిగా దూదిలో చుట్టి ఉంచేవారు. పల్చటి గాజు గొట్టం, లోపల వెంట్రుక లాంటి తీగ మొన ఒక చిన్న గింజ మీద ఆనుకుని ఉండేది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనిపించేది. దాన్ని రివర్స్‌లో పెడితే మా మైక్రోయాంప్ మీటర్ కూడా నిజాయితీగా కదిలింది. ఈసారి డయోడ్ తీసేస్తే సున్నాకి వచ్చింది. ముందు అదే చూశాం మరి.

వేలితో కాసేపు పట్టుకుంటే ముల్లు మెల్లగా పైకి పాకేది, వదిలేస్తే దిగేది. టేబుల్ ల్యాంపు దగ్గరికి తెస్తే ఇంకా లేచేది. సార్ ఒక సిలికాన్ డయోడ్‌ని కూడా ఫార్వర్డ్‌లో ఒక మిల్లీయాంప్ దగ్గర స్థిరంగా ఉంచి, సోల్డరింగ్ ఐరన్‌ని ముట్టించకుండా పక్కకి తెచ్చారు. మీటర్లో 0.58 ఉన్నది 0.57, 0.56, 0.55 అంటూ దిగిపోతోంది. డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టులు. "అంటే ఇది థర్మామీటర్ కూడానా సార్?" అన్నాడు మా మూడోవాడు. వాడు అడిగిన ప్రశ్నల్లోకెల్లా మంచిది అదే.

సీఆర్వో, అంటే వోల్టేజీ అలని తెర మీద గీసి చూపించే యంత్రం, వేడెక్కేదాకా ఖాళీగా ఉండేది. ఆ రెండు మూడు నిమిషాల్లోనే సార్ నోటి నుంచి కథలు వచ్చేవి. 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్ అనే ఆయన లోహపు తీగ మొనని ఖనిజ స్ఫటికం మీద ఆనించి, కరెంటు ఒక వైపు పోయినంత తేలిగ్గా రెండో వైపు పోవట్లేదని గమనించాడట. మన ఓఏ79కి ముత్తాత అది. అదే బ్రౌన్ 1897లో కేథోడ్ రే గొట్టం చేశాడు. "ఇప్పుడు మీరు చూస్తున్న ఈ తెరా, కొలుస్తున్న ఆ డయోడూ రెండూ ఒకే మనిషి చలవ" అని సార్ సీఆర్వో మీద చెయ్యి వేసి చెప్పారు. జగదీశ్ చంద్ర బోస్ గలీనా స్ఫటికంతో చేసిన, రేడియో అలల్ని పసిగట్టే డిటెక్టర్‌కి అమెరికా పేటెంట్ వచ్చింది 1904లో. ఫ్లెమింగ్ తన వాల్వు (గాలి తీసేసిన గాజు గొట్టం) డయోడ్ చేసిందీ ఆ ఏడాదే. స్ఫటికం ఓడిపోయి వాల్వు గెలిచింది, కొన్నాళ్లకి మళ్లీ స్ఫటికమే తిరిగొచ్చింది. ఇంతలో ఆకుపచ్చ చుక్క తెర మీద తేలేది, కథ అక్కడికి ఆగిపోయేది.

*

రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్) ప్రయోగం రోజున గదిలో కాస్త పండగ వాతావరణం ఉండేది. తెర మీద సైన్ అల అందంగా పైకీ కిందికీ ఊగుతుంటుంది. మధ్యలో ఒక్క డయోడ్ పెట్టగానే కింది సగాలన్నీ మాయం. ఇన్నేళ్లయినా నాకు అది గారడీలాగే ఉంటుంది.

హాఫ్ వేవ్ అయింది, సెంటర్ ట్యాప్‌తో ఫుల్ వేవ్ అయింది, రిపుల్ ఫ్యాక్టర్లు (డీసీలో ఇంకా ఎంత అల మిగిలిందో చెప్పే సంఖ్యలు) 1.21, 0.48 అని బట్టీ కొట్టినవాటికి దగ్గర్లోనే వచ్చాయి. తర్వాత బ్రిడ్జి. నాలుగు డయోడ్లు. ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ ఒకేసారి తెర మీద చూద్దామన్న ఆశ నాది. సీఆర్వోకి రెండు చానళ్లున్నాయి కదా! ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ మీద, రెండోది లోడు మీద పెట్టి స్విచ్ వేశాను.

తెర మీద ఏదో వికారమైన ఆకారం వచ్చింది. ఇదేమిటా అని ముగ్గురం తెర వైపు వంగాం. బ్రెడ్‌బోర్డ్ వైపు ఎవరూ చూడలేదు. గది ఆ చివర్నుంచి బాబాయ్ కేకేశారు, "ఎవరి బల్లమ్మా అది? డయోడ్ కాలుతోంది!" మా ముక్కుల కింద జరుగుతున్నది ఆయన ముక్కుకి ముందు తెలిసింది. రెసిస్టర్ కాలిన వాసన వేరు, డయోడ్ వాసన వేరు, ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ వాసన వేరు అనేవారాయన. ఆఖరిది వచ్చిందంటే బయటికి పరుగెత్తమనేవారు.

స్విచ్ ఆపి చూస్తే ఒక 1ఎన్4007 కింద బ్రెడ్‌బోర్డ్ ప్లాస్టిక్ మెత్తబడి గుంట పడింది. సంగతేమిటంటే, సీఆర్వో రెండు చానళ్ల గ్రౌండు క్లిప్పులూ లోపల ఒకటే. ఒక క్లిప్పు సెకండరీ చివర, రెండోది బ్రిడ్జి మైనస్ దగ్గర పెట్టానంటే, వాటి మధ్యనున్న డయోడ్‌ని నేను వైరుతో కలిపేసినట్టే. ఇక ఒక అర సైకిల్‌లో సెకండరీ మొత్తం పక్క డయోడ్ గుండా షార్ట్. పాపం అది నా తప్పుకి కాలిపోయింది. ఒకే సర్క్యూట్‌లో రెండు మీటర్లు పెడితే ఆ రెండింటికీ వెనకనుంచి చుట్టరికం ఉండొచ్చని అప్పటిదాకా తట్టలేదు. ఆ గుంట పడ్డ బ్రెడ్‌బోర్డే మాకు సెమిస్టర్ చివరిదాకా ఇచ్చారు బాబాయ్, కావాలనే.

కొత్త డయోడ్ పెట్టి, ఒక్క చానల్‌తో చూసి, చివర కెపాసిటర్ పెట్టాం. గుట్టలు గుట్టలుగా ఉన్న అల మీద దుప్పటి కప్పినట్టయింది. కిలో ఓము లోడుకి 100 మైక్రోఫారడ్ పెడితే ఒకటిన్నర వోల్టుల అల మిగిలింది, 1000 పెడితే దాదాపు కంటికి ఆనలేదు. కానీ మీటర్లో 15 వోల్టులు దాటింది. "ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 అని ఉంది కదే, మూడు వోల్టులు ఎక్కణ్నుంచి వచ్చాయి?" అంది నా పక్కనున్నది. రాసి ఉన్న 12 ఆర్ఎంఎస్, అంటే ఏసీకి ఒక రకం సగటు, దాని శిఖరం 17. రెండు డయోడ్లకి 1.4 తీసేస్తే 15.6. కెపాసిటర్ శిఖరాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఆ లెక్క దానికి నేను చెప్పాననుకుంటాను. దాన్ని అడిగితే తనే నాకు చెప్పానంటుంది.

*

క్లిప్పర్లు తొందరగా అయిపోయేవి. అల నెత్తి కోసేయడం, అంతే. క్లాంపర్ మాత్రం ఒక పూటంతా తినేసింది. అల మొత్తం పైకి జరగాలి, మా తెర మీద జరగట్లేదు. డయోడ్ మార్చాం, కెపాసిటర్ మార్చాం, వైర్లు మార్చాం, చివరికి బల్ల కూడా మార్చాం. సార్ వచ్చి సీఆర్వో మీదున్న చిన్న స్విచ్‌ని ఏసీ నుంచి డీసీకి జరిపారు. అల ఎగిరి పైన కూర్చుంది. ఏసీ కప్లింగ్‌లో సీఆర్వో డీసీని లోపలికే రానివ్వదు, మేం చూడాలనుకున్నదేమో ఆ డీసీనే. "జరిగింది, మీకు కనిపించలేదు" అన్నారు సార్.

రివర్స్‌లో ఒక నిర్ణీత వోల్టేజీ దగ్గర కరెంటు పోనిచ్చే జెనర్ డయోడ్ గురించి ఒకటే మాట. 12 వోల్టుల జెనర్ రివర్స్‌లో కత్తితో కోసినట్టు వంగితే, 3.3 వోల్టులది నింపాదిగా గుండ్రంగా వంగింది. క్లారెన్స్ జెనర్ 1934లో చెప్పిన పద్ధతి నిజంగా నడిచేది తక్కువ వోల్టేజీ వాటిలోనే. ఐదారు వోల్టులు దాటాక జరిగేది అవలాంచ్ (ఒక ఎలక్ట్రాన్ ఢీకొట్టి ఇంకొన్నిటిని విడిపించడం), పేరు మాత్రం జెనర్. పేరొకరిది, పని ఇంకొకరిది.

వైవాలో బయటి ఎగ్జామినర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "సిలికాన్ డయోడ్ కట్-ఇన్ వోల్టేజీ ఎంత?" అంటే కరెంటు పోవడం మొదలయ్యే వోల్టేజీ. నా నోటి నుంచి "ఎంత కరెంటు దగ్గర సార్?" అని వచ్చేసింది. పొగరుతో కాదు, నిజంగానే అడిగాను. ఆయన కళ్లజోడు మీద నుంచి ఓ క్షణం చూసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. మార్కులు ఎలా వేశారో ఇప్పటికీ తెలీదు.

అంత తెలివి వచ్చేసిందనుకునేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బోర్డులో పది వోల్టులకి ఒక మైక్రోయాంప్ లీకేజీ ఉందని రెండు రోజులు వెతికాను. డిజిటల్ మీటర్ల ఇన్‌పుట్ సాధారణంగా పది మెగా ఓములు. పదిని పది మెగాతో భాగిస్తే ఎంతో చిన్నపిల్లలైనా చెబుతారు. పాత గుంటలోనే రెండోసారి పడ్డాను, గుంట కాస్త సన్నబడిందంతే.

*

కొన్నాళ్ల క్రితం ఆ ల్యాబ్‌కి వెళ్లే పని పడింది. సార్ లేరు, బాబాయ్ రిటైరైపోయారు. సగం బల్లల మీద కంప్యూటర్లు. ఒక అమ్మాయి డయోడ్ సర్క్యూట్‌ని తెర మీద గీసి మౌస్ నొక్కితే నిమిషంలో పది ఉష్ణోగ్రతలకి పది వీ-ఐ గీతలు వచ్చేశాయి. నాకు అసూయ వేసింది. ఐరన్ పక్కన పెట్టి మేం రెండు మూడు రీడింగులు తీయడానికి ఎంత తంటాలు పడ్డామో! ఊరికే పాత రోజులే మంచివని నేననను. అరిగిపోయిన కోర్స్ నాబ్‌ని తలుచుకుని ఎవరైనా కంటతడి పెడతారా?

రివర్స్ గీత కూడా చూపించమ్మా అన్నాను. నానోయాంప్‌లు శుభ్రంగా వచ్చాయి. ఆమ్మీటర్ ఎటు పెట్టినా, వోల్ట్‌మీటర్ ఎటు పెట్టినా అవే. ఆ తెర మీది వోల్ట్‌మీటర్ కరెంటు తాగదు మరి. "డయోడ్ తీసేసి ఒకసారి రన్ చెయ్" అందామని నోటిదాకా వచ్చింది. సున్నా వస్తుందని తెలుసు, ఊరుకున్నాను. గదిలో రోజిన్ వాసన మాత్రం ఇంకా కాస్త మిగిలే ఉంది. ఏ మూల బల్ల నుంచో.

*

అడాప్టర్ డయోడ్ ఊడి వచ్చింది. మీటర్‌ని డయోడ్ రేంజిలో పెట్టి, ముందు ప్రోబ్‌లు గాల్లో పట్టుకుని చూశాను. ఓఎల్, అంటే కరెంటుకి దారి లేదని. రెండూ తాకించి చూశాను. సున్నా. డయోడ్ లేకుండా మీటర్ ఏం చూపిస్తుందో చూసుకోవడం ఎప్పుడు అలవాటైందో మీకు తెలుసు కదా. తర్వాత డయోడ్ పెడితే ఇటూ సున్నా, అటూ సున్నా. అనుమానం నిజమే. డబ్బాలో వెతికితే అదే రేటింగు షాట్కీ (తక్కువ వోల్టేజీకే కరెంటు పోనిచ్చే రకం డయోడ్) ఒకటి దొరికింది. అది 0.2 చూపిస్తే ఒక్క క్షణం ఇదీ పోయిందేమో అనిపించింది. షాట్కీ కదా, అంతే ఉంటుంది. తిరగేస్తే ఓఎల్.

పట్టీ చూసుకుని అతికించాను. మళ్లీ ఆ పొగ. మూత బిగించి ప్లగ్గులో పెడితే టిక్ టిక్ లేదు, లైటు నిలబడి వెలిగింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

చచ్చిన డయోడ్‌ని చెత్తబుట్టలో వేయబోతే దాని కాళ్లు వంకరగా కనిపించాయి. నోస్ ప్లయర్ తీసుకుని రెండూ నిటారుగా సవరించి, అప్పుడు పడేశాను.